ఎండీఆర్ టీబీకి ఆరు నెలల కోర్సు: కొత్త పరిశోధనల్లో మన ఇంటి దాకా వచ్చినవేంటి?

పద్మజ_ఏలూరు
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా మరిదికి ముప్పై ఒక్కేళ్లు. చేపల చెరువుల దగ్గర మేత వేసే పని. కొంతకాలంగా దగ్గు, పొద్దుగూకేసరికి జ్వరం, మనిషి చిక్కిపోయాడు. తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. పైగా రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు పనిచేయదట. ఎండీఆర్, అంటే మామూలు మందులకు లొంగని టీబీ అన్నారు. డాక్టరు గారేమో "భయపడకండమ్మా, ఇప్పుడు ఆరు నెలల కోర్సు వచ్చింది, అన్నీ మాత్రలే, ఇంజెక్షన్లు లేవు" అని చెప్పారు.

మా వీధిలో ఒకాయన ఇదే జబ్బుకి రెండేళ్ల పాటు మందులు వాడారు. మొదట్లో నెలల తరబడి రోజూ ఇంజెక్షన్. జబ్బు నయమైంది గానీ చెవులు పోయాయి. ఇప్పటికీ ఆయనకి ఏదైనా చెప్పాలంటే కాగితం మీద రాసి చూపించాలి. మా అత్తగారికి ఎండీఆర్ అనగానే ఆయనే గుర్తొస్తారు. ఆరు నెలల్లో తగ్గుతుందంటే ఆవిడ నమ్మట్లేదు, నాకూ గుండె కుదుటపడట్లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. ఈ ఆరు నెలల కోర్సు నిజంగా పరీక్షించి తెచ్చిందేనా? ఇంట్లో నాకు ఇద్దరు చిన్నపిల్లలున్నారు, వాళ్ల సంగతేంటి? ఈ మధ్య టీబీ మీద ఇంకేం కనిపెట్టారు?

గుంటూరు_ఛాతీ_డాక్టర్
ఆదివారం, రాత్రి 10:05

పద్మజ గారూ, మీ వీధిలో ఆయనకి ఇచ్చినది బహుశా కానామైసిన్ అయి ఉంటుంది. ఆ తరం ఇంజెక్షన్లతో చాలామందికి వినికిడి పోయింది. ఇచ్చే మాకు కూడా అది బాధగానే ఉండేది, వేరే దారి ఉండేది కాదు. ఇప్పుడు దారి మారింది. ఎలా మారిందో చెబితే మీ అత్తగారికి వివరించడం మీకు తేలికవుతుంది.

2012 డిసెంబరులో అమెరికాలో బెడాక్విలిన్‌కు అనుమతి వచ్చింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత టీబీకి వచ్చిన కొత్త రకం మందు అది. తర్వాత ప్రెటోమానిడ్ వచ్చింది. ఈ రెంటికీ లినెజోలిడ్ కలిపి దక్షిణాఫ్రికాలో 109 మంది మీద ఒక అధ్యయనం చేశారు. అందరూ మిగతా మందులకు లొంగని మొండి టీబీ ఉన్నవాళ్లే. వాళ్లలో 90 శాతం మందికి నయమైంది. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. అయితే లినెజోలిడ్ రోజుకు 1200 మిల్లీగ్రాములు ఇచ్చారు, దాంతో 81 శాతం మందికి కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు, మంటలు వచ్చాయి. తర్వాతి అధ్యయనంలో దాన్ని 600కి తగ్గించి చూశారు. నయమైనవాళ్లు 91 శాతం, తిమ్మిర్లు 24 శాతానికి దిగాయి. మీ మరిదికి ఇప్పుడు ఇచ్చేది ఆ 600 డోసే.

ఈ మూడింటికీ మాక్సీఫ్లాక్సాసిన్ చేరిస్తే మీ డాక్టరు గారు చెప్పిన ఆరు నెలల కోర్సు, బీపాల్‌ఎం. ఉజ్బెకిస్తాన్, బెలారస్, దక్షిణాఫ్రికాల్లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ దీన్ని పాత చికిత్సతో పోల్చి చూసింది. పాత పద్ధతిలో 52 శాతం మందికి మంచి ఫలితం వస్తే దీంతో 89 శాతం మందికి వచ్చింది. 2022 చివర్లో డబ్ల్యూహెచ్‌ఓ సిఫారసు చేసింది, 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్య శాఖ ఆమోదించింది. కాబట్టి ఇది పరీక్షలకు నిలబడి వచ్చిన కోర్సే.

మీరు కనిపెట్టుకుని ఉండాల్సినవి: పాదాల్లో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, చూపు మసకబారడం, రంగులు తేడాగా కనిపించడం, బాగా నీరసం, కళ్లు పచ్చబడటం, గుండె దడ. వీటిలో ఏది వచ్చినా అదే రోజు టీబీ సెంటర్‌కి చెప్పండి. ఈసీజీ, రక్తపరీక్షలు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్లాలి. వేరే ఏ మందులు వాడుతున్నా ముందే చెప్పాలి, ముఖ్యంగా మానసిక సమస్యలకు వాడేవి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు. గర్భిణులకు, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు, మెదడుకో ఎముకలకో టీబీ సోకినవాళ్లకు ఈ కోర్సు ఇవ్వరు, వాళ్లకు వేరే కోర్సులున్నాయి.

సుమ_ల్యాబ్_టెక్నీషియన్
ఆదివారం, రాత్రి 10:40

డాక్టరు గారు మందుల సంగతి చెప్పారు. రిఫాంపిసిన్ పనిచేయదన్న ముక్క అంత త్వరగా తెలియడం కూడా పరిశోధన ఫలమే పద్మజ గారూ. ఒకప్పుడు క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసేందుకు తెమడని కల్చర్‌కి పంపి వారాలు, నెలలు చూడాల్సి వచ్చేది. ఈలోపు పనిచేయని మందే వేసుకుంటూ ఉండేవారు, ఇంట్లో మిగతావాళ్లకి అంటిస్తూ ఉండేవారు.

ఇప్పుడు మా దగ్గర ట్రూనాట్ మిషన్ ఉంది. గోవాలోని మోల్‌బయో కంపెనీ తయారీ, 2020లో డబ్ల్యూహెచ్‌ఓ దీన్ని ఆమోదించింది. తెమడలో ఒక ద్రావణం కలిపి పలచబరుస్తాం. మొదటి పెట్టె అందులోంచి క్రిమి డీఎన్‌ఏని వేరు చేస్తుంది. ఆ చుక్కని వేలిగోరంత చిప్ మీద వేసి రెండో పెట్టెలో పెడితే గంటలో టీబీ ఉందో లేదో చెబుతుంది. ఉంటే ఇంకో చిప్ వేసి రిఫాంపిసిన్ సంగతి చూస్తాం. బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది అక్కర్లేదు. మా మండలంలో కరెంటు పోయిన రోజు కూడా రిపోర్టు ఇచ్చాం.

ఒక మాట మాత్రం అందరికీ చెప్పాలి. చాలామంది డబ్బాలో ఉమ్మి ఇస్తారు. ఉమ్మి వేరు, తెమడ వేరు. పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, రెండు మూడుసార్లు గుండెలనిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయాలి. చిక్కగా ఉండాలి. ఎంత మంచి మిషనైనా ఉమ్మిలో క్రిమిని చూపించలేదు.

ఇంకోటి, మాక్సీఫ్లాక్సాసిన్ పనిచేస్తుందో లేదో కూడా పరీక్ష చేయిస్తారు. పనిచేయదని వస్తే దాన్ని తీసేసి మిగతా మూడూ ఇస్తారు. ఆ రిపోర్టు వచ్చిందా అని అడగండి.

లింగన్న_సిరిసిల్ల
సోమవారం, ఉదయం 7:20

అక్కా, ధైర్యంగ ఉండు. మా అమ్మ బీడీలు చేస్తది. ఆమెకు టీబీ అయింది, మందులు తిన్నది, మంచిగైంది. తర్వాత నాకు గూడ అయింది, నాది మామూలు టీబీ, ఆరు నెలలల్ల పోయింది.

నాకు ఇంకా గుచ్చుకునేది వేరే ఉన్నది. దుబాయ్ పోదామని గల్ఫ్ మెడికల్‌కు పోయిన. ఎక్స్‌రేల పాత మచ్చ కనబడ్డదని అన్‌ఫిట్ రాసిన్రు. నయమైంది, గవర్మెంటు కాగితం ఉన్నది అంటే గూడ ఇనలే. మా దిక్కు ఈ సంగతి అందరికీ ఎరుకే. అందుకే పోరగాళ్లు దగ్గొచ్చినా చెప్పరు, దవాఖానకు పోరు. ఎక్స్‌రే అంటేనే భయం. కొత్త మందులు, కొత్త మిషన్లు ఎన్నొచ్చినా మనిషి ముంగటికి రాకపోతే ఏం లాభం? దీని మీద గూడ పరిశోధన ఉన్నదా సార్?

గుంటూరు_ఛాతీ_డాక్టర్
సోమవారం, ఉదయం 8:15

ఉంది లింగన్నా. 2019 నుంచి 2021 దాకా దేశమంతటా ఇల్లిల్లూ తిరిగి ఒక పెద్ద సర్వే చేశారు. లక్షణాలున్నవాళ్లలో దాదాపు 64 శాతం మంది అసలు వైద్యానికే వెళ్లలేదని తేలింది. ఇంకో విషయం మమ్మల్ని కూడా ఆలోచనలో పడేసింది. దొరికిన టీబీ రోగుల్లో 42.6 శాతం మందికి పైకి లక్షణాలే లేవు. ఎక్స్‌రే తీయబట్టి దొరికారు. రెండు వారాలు దగ్గుంటే పరీక్షకు రండి అని మేం దశాబ్దాలుగా చెబుతున్న మాట వీళ్లెవరికీ వర్తించలేదు.

అందుకే ఇప్పుడు చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషన్లు ఊళ్లలోకి తెస్తున్నారు. ఫిల్మును కంప్యూటరే చదివి అనుమానం ఉన్నవాళ్లను విడిగా చూపిస్తుంది. ఈ పద్ధతిని పదిహేనేళ్లు దాటినవాళ్లకు వాడొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది. ఇక గల్ఫ్ మెడికల్ సంగతి: నయమైన మచ్చ ఎవరికీ అంటదు. వైద్యపరంగా ఆ నిబంధనకు అర్థం లేదని నేను ఎక్కడైనా చెబుతాను.

జంషెడ్‌పూర్_తెలుగువాడు
సోమవారం, మధ్యాహ్నం 1:30

పద్మజ గారూ, ఈ చర్చలో ఇంకా ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, అన్నం. నేను డాక్టర్ని కాను, బ్యాంకు ఉద్యోగిని. మా జిల్లా తూర్పు సింగ్‌భూమ్‌తో సహా జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో జరిగిన రేషన్స్ అధ్యయనం గురించి చదివిన దగ్గర్నుంచి కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను.

మంగళూరు యెనెపోయ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం చేసింది ఇది. 2,800 మంది ఊపిరితిత్తుల టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది. రోగులందరికీ మందులతో పాటు నెలకు పది కిలోల సరుకులు: బియ్యం, వేయించిన శనగపిండి, పాలపొడి, నూనె, పైన విటమిన్ మాత్రలు. ఎండీఆర్ వాళ్లకు ఇది ఏడాది పాటు ఇచ్చారు. సగం ఇళ్లలో మిగతా కుటుంబ సభ్యులకు కూడా తలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. మిగతా సగం ఇళ్లలో కుటుంబానికి ఆ సరుకులు లేవు.

సరుకులు అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. తెమడలో క్రిమి కనిపించే, అంటుకునే రకం 48 శాతం తగ్గింది. పప్పూ బియ్యంతో! 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో ఇది అచ్చయింది.

రోగుల సంగతి ఇంకా ముఖ్యం. చికిత్స మొదలుపెట్టేనాటికి ప్రతి పదిమందిలో ఎనిమిది మంది ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నారు. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. మీ మరిది బరువెంత? మందుల పట్టిక పక్కనే బరువు పట్టిక కూడా పెట్టుకోండి.

చెన్నై_పరిశోధక_విద్యార్థి
సోమవారం, సాయంత్రం 6:50

జంషెడ్‌పూర్ అన్నగారి ఉత్సాహం నాకు అర్థమవుతుంది, కానీ కొంచెం ఆగి చూడాలి. తిండి గురించి మన దేశంలోనే పాత పాఠం ఒకటుంది. 1956లో మద్రాసులో టీబీ పరిశోధన కేంద్రం మొదలైంది. అప్పట్లో టీబీ అంటే శానిటోరియంలో, అంటే టీబీ రోగులకే ఉన్న ఆసుపత్రిలో పెట్టి మంచి తిండి, విశ్రాంతి ఇవ్వాలనేవారు. ఈ కేంద్రం 193 మంది పేద రోగుల్ని తీసుకుని సగం మందిని శానిటోరియంలో, సగం మందిని ఇరుకిళ్లలోనే ఉంచి, అందరికీ ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చింది. ఇంటి దగ్గరున్నవాళ్ల తిండి అంతంతమాత్రం. అయినా ఫలితాలు దాదాపు సమానం. ప్రపంచమంతా శానిటోరియంలు మూసి ఇంటి వైద్యానికి మళ్లడంలో ఆ అధ్యయనానిది పెద్ద పాత్ర. మందు సరిగ్గా పడితే క్రిమి చస్తుంది, అది ముందు. జార్ఖండ్ పల్లెల్లో ఉన్నంత ఆకలి కొల్లేరు పక్క ఊళ్లలో లేదు, కాబట్టి అదే 39 శాతం అక్కడా వస్తుందని అనుకోలేం.

నా ఆశ టీకా మీద. బీసీజీ 1921 నాటిది. పసిపిల్లల్ని మెదడు టీబీ నుంచి కాపాడుతుంది గానీ పెద్దల ఊపిరితిత్తుల టీబీని ఆపలేదు. ఇక్కడికి దగ్గర్లోనే చెంగల్పట్టులో 1968లో మొదలుపెట్టి రెండున్నర లక్షల మందికి పైగా మీద పరీక్షించి తేల్చిన సంగతి అది. ఇప్పుడు ఎం72 అనే టీకా వస్తోంది. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియాల్లో టీబీ క్రిమి అప్పటికే ఒంట్లో నిద్రాణంగా ఉన్న పెద్దలకిస్తే మూడేళ్లలో జబ్బు బయటపడటం సుమారు సగానికి తగ్గింది. 2019లో ఆ ఫలితం వచ్చింది. కానీ మూడో దశ పరీక్ష మొదలైంది 2024 మార్చిలో! ఇరవై వేల మంది దాకా తీసుకునే అధ్యయనం. డబ్బున్న దేశాల జబ్బయితే నాలుగైదేళ్లు ఆగేదా అని మా ల్యాబ్‌లో అందరికీ కోపం.

మన హైదరాబాద్ భారత్ బయోటెక్ కూడా స్పెయిన్ సంస్థతో కలిసి ఎంటీబీవ్యాక్ అనే టీకాను 2024 నుంచి ఇక్కడి పెద్దల మీద పరీక్షిస్తోంది. బీసీజీ పశువుల టీబీ క్రిమి నుంచి చేసింది. ఇది మనుషుల్లో దొరికిన క్రిమినే బలహీనపరిచి చేసింది.

జంషెడ్‌పూర్_తెలుగువాడు
సోమవారం, రాత్రి 8:10

తమ్ముడూ, మద్రాసు అధ్యయనం గొప్పది, కాదనను. కానీ దాన్నుంచి తిండితో పనిలేదు అనే మాట పుట్టి దశాబ్దాల పాటు మన టీబీ కార్యక్రమాల్లో బరువు అనే లెక్క వెనక్కి పోయింది. 193 మందిలో చావుల తేడా కనిపెట్టడం కష్టం. 2,800 మందిలో కనిపిస్తుంది. పైగా రేషన్స్ అడిగింది వేరే ప్రశ్న. రోగి పక్కన పడుకునే మనిషికి జబ్బు రాకుండా ఆపగలమా అని. 111 మందికి, అంటే సుమారు 30 ఇళ్లకు సరుకులిస్తే ఒక కొత్త కేసు తప్పింది. టీకా వచ్చేదాకా ఇదే మన చేతిలో ఉన్న టీకా. కొల్లేరు పక్కన ఆకలి లేదన్నావు, కూలి పనికెళ్లే మనిషి రెండు నెలలు పనికెళ్లకపోతే ఆ ఇంట్లో గుడ్డూ పాలూ ఎవరికి తగ్గుతాయి? ముందు ఆడవాళ్లకీ, పిల్లలకీ.

పద్మజ_ఏలూరు
సోమవారం, రాత్రి 9:35

మీరన్నది మా ఇంటి మాటే అన్నయ్యా. పని ఆగిపోయి గేదె పాలు అమ్మేస్తున్నాం, పిల్లలకి సగం గ్లాసే మిగులుతోంది. మరిది బరువు ఇవాళ చూపించాను, 42 కిలోలు. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. అత్తగారు ఆయనకి కంచం, గ్లాసు విడిగా పెట్టి, పిల్లల్ని ఆ గదిలోకి వెళ్లనివ్వట్లేదు. పిల్లలకి ఏదైనా మందు ఉందా డాక్టరు గారూ?

గుంటూరు_ఛాతీ_డాక్టర్
సోమవారం, రాత్రి 10:20

కంచాలు, గ్లాసుల వల్ల టీబీ రాదు పద్మజ గారూ. దగ్గినప్పుడు గాల్లో తేలే తుంపర్ల వల్ల వస్తుంది. కంచం విడిగా పెడితే ఆయన మనసు చిన్నబుచ్చుకోవడం తప్ప లాభం లేదు. కిటికీలు తెరవండి, వీలైతే వరండాలో గాలి ఆడేచోట పడుకోమనండి, కొన్నాళ్లు మాస్కు పెట్టుకోవాలి. పిల్లలు ఇప్పటికి విడిగా పడుకోవడం మంచిదే. సరైన మందు పడ్డాక అంటించే గుణం త్వరగా తగ్గుతుంది. ఎప్పుడు మామూలుగా ఉండొచ్చో మీ సెంటర్ డాక్టరు చెబుతారు. పైన చెన్నై తమ్ముడు చెప్పిన మద్రాసు అధ్యయనంలోనే ఇంకో సంగతి తేలింది. ఇంట్లో వైద్యం పొందినవాళ్ల కుటుంబాలకు, శానిటోరియం వాళ్ల కుటుంబాలకన్నా ఎక్కువగా జబ్బేమీ రాలేదు.

పిల్లలకు మందు గురించి మీరడిగింది చాలా మంచి ప్రశ్న. కొన్నేళ్ల కిందట దీనికి మా దగ్గర గట్టి జవాబు ఉండేది కాదు. ఎండీఆర్ రోగి ఇంట్లోవాళ్లకు ఆరు నెలల పాటు రోజూ లీవోఫ్లాక్సాసిన్ ఇస్తే జబ్బు రాకుండా ఆపొచ్చా అని వియత్నాంలో ఎక్కువగా పెద్దల మీద, దక్షిణాఫ్రికాలో పిల్లల మీద రెండు అధ్యయనాలు జరిగాయి. దేనికది చూస్తే గట్టిగా చెప్పలేని ఫలితమే వచ్చింది. రెండూ కలిపి లెక్క కట్టేసరికి టీబీ రావడం సుమారు 60 శాతం తగ్గినట్టు తేలింది. 2024లో డబ్ల్యూహెచ్‌ఓ ఈ చికిత్సను సిఫారసు చేసింది. మీరు ఇంటిల్లిపాదీ సెంటర్‌కి వెళ్లి పరీక్ష చేయించుకోండి. ముందు పిల్లలకు జబ్బు లేదని తేల్చుకోవాలి, తర్వాతే నివారణ మందు. మీ మరిది మాక్సీఫ్లాక్సాసిన్ రిపోర్టు మీదే అది కూడా ఆధారపడి ఉంటుంది.

నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స సాగినన్నాళ్లూ నెలకు వెయ్యి రూపాయలు ఆయన ఖాతాలో పడాలి. 2024 నవంబరు దాకా అది అయిదొందలే. బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చారో లేదో చూసుకోండి. సరుకుల కిట్లు ఇచ్చే నిక్షయ్ మిత్రలు మీ పరిధిలో ఉన్నారేమో కూడా అడగండి. కుటుంబానికీ ఇవ్వమని అడగడంలో మొహమాటం వద్దు.

మందుల_షాపు_కృష్ణారావు
మంగళవారం, ఉదయం 9:00

బెడాక్విలిన్ ఈ ఆరు నెలల కోర్సుకి గుండెకాయ. దాని వెనక మన దేశంలో జరిగిన పోరాటం కూడా తెలియాలి. దాని పేటెంటును మరికొన్నేళ్లు పొడిగించాలని జాన్సన్ అండ్ జాన్సన్ పెట్టుకున్న దరఖాస్తును 2023 మార్చిలో భారత పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. అడ్డం తిరిగి అభ్యంతరం వేసినవాళ్లు ఇద్దరు టీబీ నుంచి బయటపడ్డ ఆడపిల్లలు, మన దేశం నుంచి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా నుంచి ఫుమెజా టిసిలే. ఇద్దరికీ ఆ పాత చికిత్సలోనే చెవులు పోయాయి. అసలు పేటెంటు 2023 జులైలో ముగిసింది, అదే ఏడాది పేద, మధ్యాదాయ దేశాలకు ఆ కంపెనీ మందు ధరే ఆరు నెలలకు 130 డాలర్ల దాకా దిగింది. మన దగ్గర టీబీ సెంటర్లో ఉచితమే, కానీ ధర దిగితేనే ప్రభుత్వం ఎక్కువమందికి కొనగలదు.

లింగన్న_సిరిసిల్ల
మంగళవారం, ఉదయం 11:45

వాళ్లిద్దరి ముచ్చట చదువుతుంటే కండ్లల్ల నీళ్లొచ్చినయ్. తమకు పోయిన చెవులు మళ్ల రావని తెలిసి గూడ పక్కోళ్ల కోసం కొట్లాడిన్రు. అక్కా, మీ మరిదికి ఈ సంగతి చెప్పున్రి. నేను మా సంఘంల బీడీ కార్ఖానా కాడ ఎక్స్‌రే క్యాంపు పెట్టియ్యమని అడుగుతున్న.

చెన్నై_పరిశోధక_విద్యార్థి
మంగళవారం, మధ్యాహ్నం 2:10

జంషెడ్‌పూర్ అన్నగారూ, ఇంట్లోవాళ్లకి రాకుండా ఆపడం గురించి మీ మాటకి ఒప్పుకుంటున్నాను. నా పట్టు ఒక్కచోటే: తిండి ఉంది కదా అని టీకా పరిశోధనకు డబ్బు తగ్గకూడదు. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వ సాయం ఆగిపోయినప్పుడు ఎన్నో దేశాల్లో టీబీ పని ఎలా కుంటుపడిందో చూశాం. ఏటా పది లక్షలకు పైగా ప్రాణాలు తీసే జబ్బు ఇది. ప్రపంచంలో ప్రతి నలుగురు కొత్త రోగుల్లో ఒకరు మన దేశంలోనే ఉన్నారు.

పద్మజ_ఏలూరు
మంగళవారం, రాత్రి 9:05

డాక్టరు గారూ, మీరు రాసినదంతా మా అత్తగారికి చదివి వినిపించాను. కంచం విడిగా పెట్టడం మానేశారు. మాక్సీఫ్లాక్సాసిన్ రిపోర్టు వచ్చింది, పనిచేస్తుందట. రేపు మాత్రలు మొదలు. పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నాం. రెండు నెలలకి 5 శాతం అంటే మా మరిది 44 కిలోలు దాటాలి కదా?

జంషెడ్‌పూర్_తెలుగువాడు
మంగళవారం, రాత్రి 9:20

అవునమ్మా, 44.1. అది రెండు నెలల గుర్తు మాత్రమే, అక్కడితో ఆగొద్దు. ఆ ఎత్తుకి కనీసం 52 కిలోలు ఉండాలి. రోజూ గుడ్డు, పప్పు, వేరుశనగ ఉండలు. పాలు అమ్మినా పిల్లల గ్లాసు మాత్రం తీసి పక్కన పెట్టండి.

సుమ_ల్యాబ్_టెక్నీషియన్
మంగళవారం, రాత్రి 9:50

పద్మజ గారూ, ఇంకొక్కటి. దగ్గు తగ్గి తెమడ రావట్లేదని నెలనెలా ఇవ్వాల్సిన శాంపిల్ మానేస్తుంటారు చాలామంది. కల్చర్‌లో క్రిమి పెరగడం ఆగిందా లేదా అన్నది దాంతోనే తెలుస్తుంది. దక్షిణాఫ్రికాలో బెడాక్విలిన్‌కి లొంగని క్రిములు ఇప్పటికే కనిపిస్తున్నాయి, అందుకే ఈ మందుని మధ్యలో వదలకూడదు. ముందురోజు సాయంత్రమే డబ్బా తెచ్చి పెట్టుకుని, పొద్దున ఆయన లేవగానే చేతికివ్వండి.